అమ్మమ్మ రంగూన్ నుంచి తెచ్చిన కూర

అత్తారింట్లో మీరు మొదటిసారి వంట చేసిన రోజు గుర్తుందా? ఉప్పు సరిపోయిందా లేదా అన్నది కాదు అసలు భయం. 'మా ఇంట్లో ఇట్లా చెయ్యరమ్మా' అన్న మాట ఎవరి నోట వినాల్సి వస్తుందోనని! ఆ ఒక్క మాటతో ఎన్ని పుట్టింటి వంటలు మన చేతుల్లోంచి జారిపోయాయో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నారా?

మా పక్కింటి అక్కది వైజాగ్. పెళ్లయి సూర్యాపేట వచ్చి ముప్ఫయ్యేళ్లు దాటింది. అయినా మా వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ 'వైజాగ్ అక్కే'. చేపల పులుసు పెట్టినా, ఆవకాయ కలిపినా ఆమె చేతికి తిరుగులేదు. ఒక ఆదివారం పొద్దున పిట్టగోడ దగ్గర నిలబడి, 'రోజూ అదే కోడి కూర అక్కా, ఏదైనా కొత్త రకం చెప్పరాదూ' అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

'ఒకటుంది గానీ... ఈ ఇంట్లో ఒక్కసారే చేశాను. పెళ్లయిన కొత్తల్లో. మా ఆడబిడ్డ గిన్నెలోకి తొంగిచూసి, ఏంది వదినా, వానపాములు ఉడకబెట్టినవా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. మళ్లీ చెయ్యలేదు' అంది.

నూడుల్స్‌ని చూసి అన్న మాటది. ఇవాళ రెండు నిమిషాల నూడుల్స్ పాకెట్ లేని కిరాణా కొట్టు మన ఊళ్లో ఉందా? కానీ అప్పటికి అవి అందరిళ్లకూ రాలేదు. ఎవరి తప్పూ పెద్దగా లేదు. అయినా ఒక వంట ముప్ఫయ్యేళ్లు పొయ్యి ఎక్కకుండా పోయింది. పుట్టింటికి వెళ్లినప్పుడు మాత్రం వాళ్లమ్మ చేసి పెడితే తిని వచ్చేదట.

ఆ వంట పేరు బర్మా భాషలో 'ఓన్ నో ఖవుస్వే'. ఓన్ నో అంటే కొబ్బరి పాలు. ఖవుస్వే అంటే నూడుల్స్. వైజాగ్ అక్క వాళ్ల అమ్మమ్మ దాన్ని రంగూన్ నుంచి తెచ్చుకుంది.

రంగం వెళ్లిన మనవాళ్లు

ఉత్తరాంధ్రలో పాతకాలం వాళ్లు రంగూన్‌ని 'రంగం' అనేవారు. పంట పోయినా, అప్పు పెరిగినా, ఇంట్లో పోట్లాట వచ్చినా మగవాళ్లు రంగం ఓడ ఎక్కడమే! మొదట్లో గోదావరి పాయ పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్లేవారు. 1839 తుపానుకు ఆ రేవు బాగా దెబ్బతిన్నది. తర్వాత కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్లు నడిచాయి. కోరంగి పేరు మాత్రం పోలేదు. బర్మాలో తెలుగువాళ్లని 'కొరంగీలు' అని పిలిచేవారంటే చూడండి!

అక్కడ మనవాళ్లు చేసిన పనులేమిటి? రేవులో మూటలు మోశారు. రిక్షాలు లాగారు. బియ్యపు మిల్లుల్లో కూలికి కుదిరారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో సగం కంటే ఎక్కువ మంది మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. అంతమంది చేరిన చోట గొడవలూ వచ్చాయి. 1930 మే నెలలో రేవు పనుల దగ్గర తెలుగు కూలీలకూ, బర్మా కూలీలకూ మధ్య మొదలైన తగాదా పెద్ద అల్లర్లకు దారితీసి ఎన్నో ప్రాణాలు తీసింది. 1937లో బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడలు దొరకనివాళ్లు అడవులూ కొండలూ దాటి అస్సాం వైపు నడిచారు. దారిలోనే రాలిపోయినవాళ్లు వేలమంది.

యుద్ధమయ్యాక కొందరు మళ్లీ వెళ్లారు. కొందరసలు కదలనే లేదు. వైజాగ్ అక్క వాళ్ల అమ్మమ్మ కుటుంబం అలా మిగిలిపోయినవాళ్లలో ఒకటి. కానీ 1962లో అక్కడ సైన్యం అధికారం తీసుకుంది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. అదే ఏడాది మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. చాట్ అంటే వాళ్ల రూపాయి అనుకోండి. దాచుకున్నది ఒక్క రోజులో చిత్తు కాగితమైపోయింది. ఆ ఏళ్లలో లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. మన తెలుగువాళ్లు, తమిళులు ఓడల్లో విశాఖపట్నం, మద్రాసు రేవుల్లో దిగారు. విశాఖలో కంచరపాలెం దగ్గర 'బర్మా క్యాంపు' అనే పేట అలా వచ్చిందే. మద్రాసులో హార్బరు దగ్గరున్న బర్మా బజారు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ బర్మా పద్ధతిలో నూడుల్స్ కలిపి 'అత్తో' అని అమ్ముతారు. పక్కన అరటి దవ్వ వేసి కాచిన చారు పోస్తారు.

మూటలో పట్టక్కర్లేనిది

ఓడ ఎక్కేటప్పుడు నగలకీ, డబ్బుకీ గట్టి లెక్క పెట్టారు. ఇంత కంటే ఎక్కువ తీసుకెళ్లడానికి వీల్లేదన్నారు. ఇల్లు వదిలెయ్యాలి. సామాను వదిలెయ్యాలి. 'మా అమ్మమ్మ అనేది... గాజులు తీయించుకున్నారు గానీ, చేతులు తీయించుకోలేదు కదే అని. ఆ చేతులతోనే ఇక్కడికొచ్చాక మళ్లీ ఖవుస్వే చేసింది' అని చెప్పింది వైజాగ్ అక్క.

ఎవరూ సోదా చేసి లాక్కోలేని వంట అది. అటువంటిది ఓ చిన్న నవ్వుకి ఆగిపోయింది! ఈ మాట వినగానే నాకు మనసు ఒప్పలేదు. 'పక్క ఆదివారం మా ఇంట్లో చేద్దాం. మీ ఇంటాయన్నీ, పిల్లల్నీ పిలుస్తాను. మీరు చెప్పండి, నేను చేస్తాను' అన్నాను. అలా మొదలైంది మా బర్మా వంట.

మనకి మరీ కొత్తేం కాదు

నూడుల్స్ అనగానే చైనా సాసులు, వెనిగర్ గుర్తుకొస్తాయేమో. దీంట్లో అవేమీ ఉండవు. ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, పసుపు, కారం, శనగపిండి, కొబ్బరి పాలు. ఇంతే! అన్నీ మన పోపుల పెట్టె పక్కన ఉండేవే. బర్మావాళ్లు ఉప్పుతో పాటు చేపల నుంచి తీసిన ఓ ఉప్పటి నీళ్లు వేస్తారు. మనకది అలవాటు లేదు కాబట్టి ఉప్పూ నిమ్మకాయతో సరిపెట్టుకోవచ్చు. వాళ్లు మసాలాలు పెద్దగా వాడరు. మనవాళ్లు మాత్రం కాస్త ధనియాల పొడి చేర్చుకున్నారు.

ఈ వంటకి చుట్టాలు కూడా ఎక్కువే. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో దీన్ని పోలినదే 'ఖావ్ సోయ్'. బర్మా నుంచి వెళ్లిన మేమన్ ముస్లింలు కరాచీలో 'ఖౌసే' అని చేసుకుంటారు. కలకత్తా, బొంబాయిల్లో పెద్ద హోటళ్ల మెనూ కార్డులకు కూడా ఎక్కింది. అక్కడ దాని ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇంట్లో చేసుకుంటే ఓ కోడి కూర ఖర్చుకి రెండు కొబ్బరికాయలు, ఓ నూడుల్స్ పాకెట్ అదనం.

కావలసినవి (ఆరుగురికి)

కోడి మాంసం: ముప్పావు కిలో (ఎముకలతో అయితే కిలో)
కొబ్బరికాయలు: పెద్దవి 2
నూడుల్స్: అర కిలో (మసాలా పాకెట్ లేని సాదావి)
శనగపిండి: 5 టేబుల్ స్పూన్లు
ఉల్లిపాయలు: పెద్దవి 4
వెల్లుల్లి రెబ్బలు: 12
అల్లం: రెండంగుళాల ముక్క
పసుపు: అర టీ స్పూను
కారం: 2 టీ స్పూన్లు
ధనియాల పొడి: 2 టీ స్పూన్లు
నూనె: 5 టేబుల్ స్పూన్లు
ఉప్పు: తగినంత

పైన వేసుకోవడానికి: ఉడికించిన గుడ్లు 6, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, ఉల్లికాడలు, కొత్తిమీర, నిమ్మ చెక్కలు, నూనెలో ఎర్రగా వేయించిన వెల్లుల్లి, కచ్చాపచ్చాగా దంచిన ఎండు మిరపకాయలు, వేయించి దంచిన పల్లీలు, కారప్పూస.

కారప్పూస ఎందుకంటారా? బర్మాలో కొన్ని నూడుల్స్‌ని నూనెలో కరకరలాడేలా వేయించి పైన చల్లుతారు. మనకి స్వీటు షాపులో దొరికే కారప్పూస ఆ పని చేసి పెడుతుంది!

చేసే విధానం

ముందు కొబ్బరి పాలు తీసుకోవాలి. కోరిన కొబ్బరిలో రెండు కప్పుల గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, పలుచటి గుడ్డలో వేసి గట్టిగా పిండితే చిక్కటి పాలొస్తాయి. వాటిని పక్కన పెట్టండి. ఆ పిప్పిలోనే మళ్లీ మూడు కప్పుల నీళ్లు పోసి తిప్పి పిండితే పలుచటి పాలు. ఈ రెండింటినీ కలపొద్దు. రెంటికీ వేరు వేరు పనులున్నాయి.

కోడి ముక్కల్ని కాస్త ఉప్పు, పసుపు వేసి మూడు కప్పుల నీళ్లలో మెత్తగా ఉడికించండి. ముక్కల్ని తీసి, ఎముకల నుంచి వేరు చేసి చిన్నవిగా చీల్చుకోండి. ఉడికిన నీళ్లు పారబొయ్యొద్దు. రుచంతా వాటిలోనే ఉంటుంది.

ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి కలిపి ముద్దగా నూరుకోండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె కాగాక ఆ ముద్ద వేసి సన్నని మంట మీద వేయించాలి. పచ్చి వాసన పోయి, రంగు మారి, నూనె పైకి తేలాలి. దీనికి పావుగంట పైనే పడుతుంది. కంగారు పడితే కూర రుచి రాదు. అప్పుడు పసుపు, కారం, ధనియాల పొడి, కోడి ముక్కలు వేసి ఐదు నిమిషాలు తిప్పండి.

ఇప్పుడు కోడి ఉడికిన నీళ్లు, పలుచటి కొబ్బరి పాలు పొయ్యండి. శనగపిండిని కమ్మటి వాసన వచ్చేలా వట్టి బాండీలో దోరగా వేయించి, చల్లారాక ఒక కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తిప్పుతూ ఇందులో పొయ్యాలి. పది నిమిషాలు మరిగితే పులుసు చిక్కబడుతుంది. గంటె వెనక పల్చగా అంటుకుని ఉండాలి. అంతకంటే గట్టిపడితే కాసిని వేడి నీళ్లు పోసుకోండి.

చివర్లో మంట బాగా తగ్గించి చిక్కటి పాలు పోసి, ఉప్పు సరిచూసి, అంచుల వెంట చిన్న బుడగలు రాగానే దించెయ్యండి.

నూడుల్స్‌ని విడిగా ఎక్కువ నీళ్లలో ఉప్పు వేసి ఉడికించి, చిల్లుల గిన్నెలో వంపి, చన్నీళ్లు పోసి, ఒక చెంచా నూనె పట్టించి ఉంచండి. ఒకదానికొకటి అంటుకోవు.

ఎక్కడ చెడుతుంది?

నేను మొదటిసారి చేసినప్పుడు చిక్కటి పాలు పోశాక మంట పెంచి, మూత పెట్టి, టీవీ ముందు కూర్చున్నాను. తిరిగొచ్చి చూస్తే పాలు విరిగి పైన తెట్టు, అడుగున నీళ్లు! వైజాగ్ అక్క నవ్వి, 'బిడ్డని పడుకోబెట్టినట్టు దగ్గరుండి చూసుకోవాలమ్మా' అంది. కాబట్టి చిక్కటి పాలు పోశాక మూత పెట్టొద్దు, తెర్లనివ్వొద్దు.

రెండో సంగతి నిమ్మరసం. గిన్నెడు కూరలో ముందే పిండేస్తే పులుపుకి పాలు విరిగే ప్రమాదముంది. ఎవరి గిన్నెలో వాళ్లు పిండుకోవాలి. మూడోది, శనగపిండిని నేరుగా వేడి పులుసులో వేస్తే ఉండలు కట్టి మళ్లీ విడవదు. నాలుగోది, నూడుల్స్‌ని కూరలో వేసి ఉంచొద్దు. పులుసంతా పీల్చేసుకుని ముద్దయిపోతాయి.

ఇక కొబ్బరి సంగతి. మన వైపు కూరల్లో ఎండు కొబ్బరి, నువ్వులు, పల్లీలు వేసుకోవడమే ఎక్కువ. పచ్చి కొబ్బరి అంటే గుళ్లో కొట్టిన చెక్కలే! పండగల రోజుల్లో అవి ఫ్రిజ్‌లో పేరుకుపోయి చివరికి పచ్చడవుతాయి. వాటితోనూ ఈ కూర చేసుకోవచ్చు. అయితే దేవుడి దగ్గర కొట్టిన కాయ కదా, కోడి వెయ్యకుండా కూరగాయలతో చేసుకుంటే పెద్దవాళ్ల మనసు నొచ్చుకోదు. తీరిక లేనివాళ్లకి సూపర్ బజార్లలో డబ్బా కొబ్బరి పాలు కూడా దొరుకుతున్నాయి. చక్కెర కలపనివి చూసి తీసుకోండి.

వడ్డించేది ఎవరు?

ఈ వంటలో నాకు బాగా నచ్చింది రుచి కూడా కాదు. వడ్డన!

మామూలుగా ఆదివారం మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? ముందు మగవాళ్లు, పిల్లలు కూర్చుంటారు. మనం వంటింటికీ, టేబులుకీ మధ్య తిరుగుతూ ఉంటాం. 'ఇంకొంచెం పులుసు', 'ఉల్లిగడ్డ కోసియ్యి', 'నాకు కారం తక్కువైంది', 'నాకు ఎక్కువైంది'. అందరిదీ అయ్యాక మన పళ్లెంలో పడేది చల్లారిన కూర, మెడ ముక్క.

దీనికలా కుదరదు. మధ్యలో వేడి వేడి కూర గిన్నె. పక్కన నూడుల్స్. చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో గుడ్లు, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మ చెక్కలు, మిరప, పల్లీలు, కారప్పూస. ఎవరి గిన్నెలో వాళ్లు నూడుల్స్ వేసుకుని, పైన పులుసు పోసుకుని, కావలసినవి చల్లుకోవాలి. కారం తక్కువన్నవాళ్లు మిరప కలుపుకుంటారు. ఎక్కువన్నవాళ్లు నిమ్మకాయ పిండుకుంటారు. వండినామె చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. ఆమె కూడా కూర్చోవలసిందే!

ఆ ఆదివారం మా అత్తమ్మ ఈ గిన్నెలన్నీ చూసి, 'ఏందే ఇది, ఇన్ని గిన్నెలు బయట పెట్టినవు? ఇంక ఎవరన్న వస్తున్నరా?' అంది.

'ఎవరూ రావట్లే అత్తమ్మా, మనమే.'

'మరి వడ్డించేదెవరు?'

'ఎవరికి వాళ్లే.'

ఆమె నమ్మలేనట్టు చూసింది. పిల్లలు మాత్రం ఎగబడ్డారు. మా చిన్నోడు సగం కారప్పూస వాడి గిన్నెలోనే గుమ్మరించుకున్నాడు. వైజాగ్ అక్క వాళ్లాయన ఒక గిన్నె తిని, రెండోది నింపుకుంటూ, 'గింత మంచిగుంటే ముప్ఫై ఏండ్ల సంది ఎందుకు చెయ్యలే?' అన్నారు.

'చేశానండీ. మీరూ నవ్వారు కదా' అంది ఆమె. కోపంగా కాదు. మామూలుగానే.

ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఆమె ఖాళీ గిన్నె తీసుకుని, నూడుల్స్ వేసి, పులుసు పోసి, గుడ్డు కోసి పెట్టి, నిమ్మ చెక్కతో సహా ఆమె ముందుకు జరిపారు. మాలో ఎవరమూ నవ్వలేదు.

కోదాడలో కూరగాయలతో...

ఈ కబురు మా అక్కకి చేరింది. అక్కది కోదాడ. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద మా తర్వాత వచ్చే పెద్ద ఊరు. వాళ్లింట్లో శనివారం నీచు వండరు. అక్క కొడుక్కి మాత్రం శనివారమే తీరిక. 'కోడి లేకుండా అయితదా?' అని ఫోన్ చేసింది.

భేషుగ్గా అవుతుంది. కోడి బదులు తీపి గుమ్మడి, క్యారెట్, బీన్స్, పుట్టగొడుగులు వేసుకోవచ్చు. కోడి ఉడికిన నీళ్ల స్థానంలో కూరగాయలు ఉడికిన నీళ్లు పొయ్యాలి. గుమ్మడి ముక్కలు నాలుగు మెత్తగా మెదిపి పులుసులో కలిపితే చిక్కదనం, తీపి రెండూ వస్తాయి. మాంసం నమిలిన తృప్తి కావాలంటే మీల్‌మేకర్‌ని వేడి నీళ్లలో నానబెట్టి, పిండి, ఉల్లి ముద్దతో పాటే వేయించండి. గుడ్డు బదులు పనీర్ ముక్కలు దోరగా వేయించి పెట్టుకోవచ్చు. అక్క వాళ్లింట్లో అయితే ఇంకో మెట్టు ఎక్కి, మునక్కాయ ముక్కలు కూడా వేశారు. బర్మావాళ్లు చూస్తే ఏమంటారో గానీ, పులుసు పట్టిన మునక్కాయ ఎవరికి చేదు?

మిర్యాలగూడలో బియ్యంతో...

మా చిన్న ఆడబిడ్డని మిర్యాలగూడ ఇచ్చాం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, కనుచూపు మేర వరి, వరస బెట్టి బియ్యం మిల్లులు. ఆ ఊళ్లో నూడుల్స్ భోజనమంటే ఒప్పుకుంటారా? 'అన్నం తినకుండ భోజనమైనట్టు ఎట్లయితదమ్మా?' అన్నారట వాళ్ల మామగారు.

దానికీ ఉపాయముంది. గోధుమ నూడుల్స్ బదులు బియ్యం సేమ్యా చేసుకోవచ్చు. బర్మాలో కూడా బియ్యపు నూడుల్స్ వాడకం బాగా ఉంది. చేపల పులుసుతో వాళ్లు పొద్దున్నే తినే 'మొహింగా'కి అవే వాడతారు. రెండు కప్పుల బియ్యప్పిండికి రెండు కప్పుల నీళ్లు. నీళ్లలో ఉప్పు, చెంచా నూనె వేసి మరిగించి, పిండిలో పోసి కలిపి మూత పెట్టాలి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక బాగా మర్దించి, జంతికల గొట్టంలో సన్న చిల్లుల బిళ్ల వేసి, నూనె రాసిన ఇడ్లీ ప్లేట్లలోకి వత్తి, పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. తెల్లగా, మెత్తగా వస్తాయి. కొబ్బరి పాల పులుసుకి గోధుమవాటికంటే ఇవే బాగున్నాయని ఆడబిడ్డ ఫోన్లో ఒకటే గొప్పలు!

ఈ మాట వైజాగ్ అక్కకి చెబితే ఆమె కాసేపు ఆలోచించి, 'మా తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులోనే పనిచేశారు' అంది.

ఈ జాగ్రత్తలు మరవకండి

కొబ్బరి పాల కూర తొందరగా పాడవుతుంది. మన ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. వేసవిలో పొద్దున చేసింది రాత్రికి బయట ఉంచొద్దు. మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా వాడెయ్యండి. తినబోయే ముందు పూర్తిగా వేడి చెయ్యాలి. పాలు కొద్దిగా విరిగినట్టు కనిపించినా ఫర్వాలేదు గానీ, పుల్లటి వాసన వస్తే పారబొయ్యడమే.

కొబ్బరి పాలలో కొవ్వు ఎక్కువ. ఇంట్లో గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లుంటే చిక్కటి పాలు సగం తగ్గించి, పలుచటి పాలు పెంచండి. షుగర్ ఉన్నవాళ్లు నూడుల్స్ గుప్పెడే వేసుకుని, కూరగాయలు, కోడి ముక్కలు, గుడ్డు ఎక్కువ పెట్టుకోవచ్చు. ఎవరి గిన్నె వాళ్లదే కాబట్టి వాళ్లకి వేరే వంట చెయ్యక్కర్లేదు. పల్లీలు పడనివాళ్లుంటే ఆ గిన్నె దూరంగా, వేరే చెంచాతో పెట్టండి. చంటి పిల్లలకి పల్లీలు, ఎండు మిరప వెయ్యొద్దు. నూడుల్స్ చిన్నగా తుంచి పెట్టండి.

చుట్టాలు ఎక్కువమంది వచ్చే రోజైతే ఉల్లి ముద్ద వేయించడం, కోడి ఉడికించడం ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పాలు మాత్రం అప్పటికప్పుడే తియ్యాలి.

మరి మీ ఇంట్లో?

ఇప్పుడు మా రెండిళ్లల్లో నెలకో ఆదివారం ఖవుస్వే ఉంటోంది. వైజాగ్ అక్క కూతురు ఫోన్లో వాళ్ల అమ్మమ్మని అడిగి కొలతలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ పెద్దావిడకి కొలతలు కప్పుల్లో తెలియవు. 'గుప్పెడు', 'చారెడు', 'రంగు తిరిగే దాకా' అంటుంది. మనవరాలు ఒక్కో గుప్పెడూ కొలిచి మరీ రాసింది. ఓడెక్కినప్పుడు మూటలో లేనిది ఇప్పుడు కాగితం మీదకి వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇట్లాంటిదొకటి ఉండే ఉంటుంది. మీరు పుట్టింట్లో తిని, అత్తారింట్లో వండటం మానేసింది. లేదంటే మీ అత్తగారు ఎప్పుడో కోడలిగా వచ్చినప్పుడు మానేసింది. బర్మా కూరే కానక్కర్లేదు. సర్వపిండి కావచ్చు, పనసపొట్టు కూర కావచ్చు, ఉలవచారు కావచ్చు. ఒక ఆదివారం అడిగి చూడండి. వండేటప్పుడు పక్కన నిలబడండి. తినేటప్పుడు ఆమెని కూర్చోబెట్టండి.

అన్నట్టు, మా అత్తమ్మ సంగతి చెప్పలేదు కదూ! ఆమె ఇప్పటికీ ఆ నూడుల్స్ ముట్టదు. 'ఆ దారాలు నా పంటికి రావు' అంటుంది. కానీ ఖవుస్వే చేసిన రోజు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఆమే. పళ్లెంలో వేడన్నం పెట్టుకుని, మీద నాలుగు గంటెల కొబ్బరి పులుసు పోసుకుని, నిమ్మకాయ పిండుకుని కలుపుకుంటుంది.

'మంచిగున్నది. ఆ వైజాగ్ పిల్లని గూడ పిలువు' అంటుంది.